వులిండ్లేలా అమ్మాయిలు అడిగిన ప్రశ్న: క్వాజులు-నాటాల్ విశ్వవిద్యాలయంలో హెచ్‌ఐవి పరిశోధన

సభాధ్యక్షులకు, వేదిక మీది పెద్దలకు, వైద్య విద్యార్థులకు, ప్రజారోగ్య కార్యకర్తలకు నమస్కారం.

ఈ సాయంత్రం నేను ఒకే విశ్వవిద్యాలయం గురించి, అందులోనూ ముఖ్యంగా ఒకే వ్యాధి గురించి మాట్లాడతాను. దక్షిణాఫ్రికా తూర్పు తీరంలోని డర్బన్ నగరంలో ఉన్న క్వాజులు-నాటాల్ విశ్వవిద్యాలయం, దానికి అనుబంధంగా నడిచే పరిశోధనా కేంద్రాలు గత మూడు దశాబ్దాల్లో హెచ్‌ఐవి మీద చేసిన పని ప్రపంచమంతటా చికిత్స తీరును మార్చింది. అది ఎలా సాధ్యమైందన్నదే నా ప్రసంగ విషయం. ఒక వ్యాధి గురించి సరైన ప్రశ్న అడగాలంటే ఆ వ్యాధి ఉన్న ఊరిలో, దాన్ని భరిస్తున్న మనుషుల మధ్య పరిశోధకుడు ఏళ్ల తరబడి ఉండాలని నేను గట్టిగా నమ్ముతాను. ఆ నమ్మకానికి డర్బన్ కంటే మంచి నిదర్శనం నాకు కనబడలేదు.

ముందుగా ఆ విశ్వవిద్యాలయం నేపథ్యం కొంత చెప్పాలి. వర్ణవివక్ష కాలంలో, 1951లో, నాటాల్ విశ్వవిద్యాలయం డర్బన్‌లో ఒక వైద్య కళాశాలను తెల్లవారు కాని విద్యార్థుల కోసం ప్రత్యేకంగా ప్రారంభించింది. ఆఫ్రికన్లు, భారత సంతతి వారు, మిశ్రమ జాతుల వారు అక్కడే డాక్టర్లయ్యారు. నల్లజాతి చైతన్య ఉద్యమ నాయకుడు స్టీవ్ బికో 1966లో చేరింది ఆ కళాశాలలోనే. నేడు దానికి నెల్సన్ మండేలా పేరు ఉంది. 2004లో నాటాల్ విశ్వవిద్యాలయమూ, భారత సంతతి వారి కోసం ఏర్పడిన డర్బన్-వెస్ట్‌విల్ విశ్వవిద్యాలయమూ కలిసి క్వాజులు-నాటాల్ విశ్వవిద్యాలయమయ్యాయి. చెరకు తోటల్లో పనికి 1860లో మద్రాసు రేవు నుంచి బయలుదేరిన తొలి ఓడలోనూ, ఆ తరువాతి ఓడల్లోనూ మన తెలుగు జిల్లాల కూలీలు ఉన్నారు. వారి మనుమలు, మునిమనుమలు ఆ నగరంలో 1931లోనే ఆంధ్ర మహాసభను స్థాపించుకున్నారు. కాబట్టి డర్బన్ మనకు పూర్తిగా పరాయి ఊరేమీ కాదు. వివక్ష ప్రభుత్వం ఏ విద్యార్థులను వేరుగా ఉంచిందో, ఆ విద్యార్థుల తరం నుంచే దేశానికి అత్యవసరమైన పరిశోధకులు వచ్చారన్నది గమనించదగ్గ విషయం.

ఆ తరంలో ఇద్దరి పేర్లు ఇక్కడ తప్పనిసరిగా చెప్పాలి. ఖురైషా అబ్దుల్ కరీం, సలీం అబ్దుల్ కరీం దంపతులు. ఆమె డర్బన్-వెస్ట్‌విల్‌లో చదివారు, ఆయన నాటాల్ వైద్య కళాశాలలో. ఇద్దరూ న్యూయార్క్‌లోని కొలంబియా విశ్వవిద్యాలయంలో శిక్షణ పొంది తిరిగి వచ్చారు. 1990లో, మలేరియా నిఘా కోసం గ్రామాల్లో జరిగే కార్యక్రమాన్ని ఆసరాగా చేసుకుని, వారి బృందం పల్లె జనాభాలో హెచ్‌ఐవి ఎంత ఉందో పరీక్షించింది. ఫలితాలు 1992లో వెలువడ్డాయి. మొత్తం మీద నూటికి ఒకరికి కొంచెం పైగా మాత్రమే ఇన్‌ఫెక్షన్ కనబడింది. అంతవరకే చూసినవారు ఊరట చెందవచ్చు. అయితే ఆ బృందం వయసు వారీగా, స్త్రీ పురుషుల వారీగా లెక్కను విడదీసింది. స్త్రీలలో ఇన్‌ఫెక్షన్ పురుషులలో కంటే దాదాపు మూడు రెట్లు ఉంది. పైగా అమ్మాయిలకు అది మగపిల్లల కంటే ఎంతో ముందుగా, చిన్న వయసులోనే సోకుతోంది. పదహారు, పదిహేడేళ్ల అమ్మాయికి వైరస్ ఉండి, ఆమె ఈడు కుర్రవాడికి లేకపోతే, ఆమెకు అది ఎవరి నుంచి వచ్చింది? తరువాతి ముప్పై ఏళ్ల పరిశోధన అంతా ఈ ప్రశ్న చుట్టూనే తిరిగిందంటే అతిశయోక్తి కాదు.

ఆ కాలంలో నివారణ ప్రచారం మూడు మాటల మీద నడిచేది: సంయమనం పాటించు, ఒకే భాగస్వామికి కట్టుబడి ఉండు, కండోమ్ వాడు. ఖురైషా అబ్దుల్ కరీం గ్రామాల్లోనూ, లారీలు ఆగే కేంద్రాల్లోనూ స్త్రీలతో మాట్లాడినప్పుడు ఈ మూడింటిలో ఏదీ తమ చేతుల్లో లేదని వారు చెప్పారు. కండోమ్ వాడాలా వద్దా అన్నది మగవాడు నిర్ణయిస్తాడు. భర్త నమ్మకంగా ఉన్నాడో లేదో భార్యకు తెలియదు. మగవాడి అనుమతి అవసరం లేకుండా తమను తాము కాపాడుకునే సాధనం ఏదైనా ఉందా అని వారు అడిగారు. అప్పటికి అలాంటిది ప్రపంచంలో ఎక్కడా లేదు. దాన్ని తయారుచేయడమే ఆమె జీవిత లక్ష్యమైంది.

ఆ లక్ష్యం దగ్గరికి వెళ్లే ముందు ఇదే ప్రాంగణంలో జరిగిన మరో రెండు పరిశోధనలను ప్రస్తావించాలి, ఎందుకంటే వాటి ప్రయోజనం మన గ్రామాల్లోని తల్లులకూ, క్షయ రోగులకూ అందింది.

మొదటిది తల్లిపాలకు సంబంధించినది. తల్లికి హెచ్‌ఐవి ఉంటే ఆమె పాల ద్వారా బిడ్డకు సోకవచ్చు. అలాగని డబ్బాపాలు పట్టమంటే, శుభ్రమైన నీరు లేని ఇంట్లో బిడ్డ విరేచనాలతో చనిపోవచ్చు. ఈ సంకట స్థితిలో పిల్లల వైద్య నిపుణుడు హూసెన్ కోవాడియా, అన్నా కౌట్సౌడిస్, వారి సహచరులు 1999లో ఒక అసాధారణమైన ఫలితాన్ని ప్రచురించారు. మూడు నెలల వయసు నాటికి, తల్లిపాలు తప్ప మరేమీ ఇవ్వని పిల్లల్లో 14.6 శాతం మందికి వైరస్ సోకింది. తల్లిపాలతో పాటు నీళ్లు, డబ్బాపాలు, జావ వంటివి కలిపి ఇచ్చిన పిల్లల్లో అది 24.1 శాతం. బయటి ఆహారం పసిబిడ్డ పేగు లోపలి పొరను దెబ్బతీసి వైరస్‌కు దారి ఇస్తుందన్నది దీనికి ఇచ్చిన వివరణ. అనేక దేశాల్లో మొదట నమ్మని వైద్యులే తరువాతి అధ్యయనాలు దాన్ని బలపరిచాక తమ సలహాను మార్చుకున్నారు. ఆరు నెలల దాకా తల్లిపాలు మాత్రమే ఇవ్వాలని మన ఆశా కార్యకర్తలు ఇంటింటికీ తిరిగి చెప్పే మాట హెచ్‌ఐవి ఉన్న తల్లులకు కూడా వర్తిస్తుందని తేలడంలో డర్బన్ ఆసుపత్రుల పాత్ర పెద్దది. కోవాడియా వైద్యం చదివింది బొంబాయిలో అన్న సంగతి కూడా ఈ సందర్భంలో చెప్పుకోవాలి.

రెండవది క్షయకు సంబంధించినది. హెచ్‌ఐవి, క్షయ రెండూ ఉన్న రోగికి ముందు క్షయ మందులు ముగించి, ఆ తరువాతే ఏఆర్‌టీ మందులు, అంటే హెచ్‌ఐవిని అణిచి ఉంచే మందులు, మొదలుపెట్టడం అప్పట్లో చాలా చోట్ల ఆనవాయితీ. రెండు రకాల మందులూ ఒకదానితో ఒకటి చెడు ప్రభావం చూపుతాయేమో, ఒకేసారి అన్ని మాత్రలు రోగి మింగగలడా, కోలుకుంటున్న రోగనిరోధక శక్తి ఒక్కసారిగా విజృంభించి హాని చేస్తుందేమో అన్న భయాలు ఉండేవి. అవి అర్థం లేని భయాలు కావు. డర్బన్ నగరంలోని క్షయ చికిత్సాలయంలో 642 మంది రోగులతో జరిగిన సాపిట్ అధ్యయనం, క్షయ చికిత్స సాగుతుండగానే ఏఆర్‌టీ ఇచ్చినవారిలో మరణాలు 56 శాతం తక్కువని చూపింది. తేడా ఎంత స్పష్టంగా ఉందంటే, అధ్యయనాన్ని పర్యవేక్షించే స్వతంత్ర సంఘం 2008లోనే ఆలస్యంగా మందులిచ్చే విధానాన్ని ఆపించి, ఆ వర్గంలోని రోగులందరికీ వెంటనే ఏఆర్‌టీ ప్రారంభించమంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ మార్గదర్శకాలు ఆ తరువాత మారాయి.

ఈ పని అంతా ఎలాంటి రాజకీయ వాతావరణంలో జరిగిందో కూడా తెలుసుకోవాలి. 2000 జూలైలో అంతర్జాతీయ ఎయిడ్స్ మహాసభ మొదటిసారి ఆఫ్రికా ఖండంలో, డర్బన్‌లోనే జరిగింది. దానికి అధ్యక్షుడు కోవాడియా. హెచ్‌ఐవి వల్లనే ఎయిడ్స్ వస్తుందా అన్న సందేహాన్ని అప్పటి దేశాధ్యక్షుడు థాబో ఎంబెకీ బహిరంగంగా వ్యక్తం చేస్తున్న రోజులవి. ఐదు వేల మందికి పైగా శాస్త్రవేత్తలు, వైద్యులు డర్బన్ ప్రకటన మీద సంతకాలు చేసి ఎయిడ్స్‌కు కారణం హెచ్‌ఐవి అని స్పష్టం చేశారు. సొంత ప్రభుత్వంతో విభేదించి, ప్రభుత్వ ఆసుపత్రుల్లోనే పనిచేస్తూ, తమ గణాంకాలను దాచకుండా చెప్పడానికి ఎంత ధైర్యం కావాలో మీరే ఊహించండి. మందుల పంపిణీలో ఆ ప్రభుత్వం చేసిన ఆలస్యం వల్ల మూడు లక్షల ముప్పై వేలకు పైగా ప్రాణాలు పోయాయని హార్వర్డ్ పరిశోధకులు 2008లో అంచనా వేశారు.

ఇప్పుడు వులిండ్లేలాకు వద్దాం. డర్బన్‌కు వాయువ్యంగా, పీటర్‌మారిట్స్‌బర్గ్ నగరానికి సమీపంలో, కొండల మీద పరుచుకున్న గ్రామీణ ప్రాంతమిది. సంప్రదాయ జులూ పెద్దల పాలనలో ఉంటుంది. పనుల కోసం మగవాళ్లు నగరాలకు వెళ్లి, సెలవులకు వచ్చిపోతుంటారు. 2010లో క్వాజులు-నాటాల్ రాష్ట్రంలోని ప్రభుత్వ ఆసుపత్రులకు వచ్చిన గర్భిణుల్లో 39.5 శాతం మందికి హెచ్‌ఐవి ఉందంటే పరిస్థితి మీకు అర్థమవుతుంది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌ను దేశంలో హెచ్‌ఐవి ఎక్కువగా ఉన్న ఆరు రాష్ట్రాల్లో ఒకటిగా లెక్కించిన కాలంలో కూడా మన దగ్గర గర్భిణుల్లో ఆ సంఖ్య దానికి ఏ దరిదాపుల్లోనూ లేదు. 2002లో ఏర్పడిన కాప్రిసా అనే పరిశోధనా కేంద్రం, ప్రధాన కార్యాలయం డర్బన్ వైద్య కళాశాల ఆవరణలోనే ఉన్నా, వులిండ్లేలాలోనూ ఒక శాఖను నెలకొల్పింది. సర్కారు దవాఖానా పక్కనే పరిశోధన క్లినిక్. స్థానికులతో సలహా సంఘాలు ఏర్పడ్డాయి. అధ్యయనం మధ్యలో ఎవరికైనా హెచ్‌ఐవి సోకితే వారిని వదిలేయకుండా సంరక్షణ, చికిత్స అందించే ఏర్పాటు జరిగింది.

2007 నుంచి 2010 వరకు వులిండ్లేలాలోనూ, డర్బన్ నగరంలోనూ 889 మంది స్త్రీలతో కాప్రిసా 004 పరీక్ష జరిగింది. టెనోఫోవిర్ అనే ఏఆర్‌టీ మందును ఒక శాతం మోతాదులో కలిపిన జెల్‌ను లైంగిక కలయికకు ముందు పన్నెండు గంటల లోపు ఒకసారి, తరువాత పన్నెండు గంటల లోపు ఒకసారి యోనిలో వాడాలి. సగం మందికి అసలు మందు, సగం మందికి మందు లేని జెల్. ఎవరికి ఏది అందిందో వాడేవారికీ తెలియదు, ఇచ్చేవారికీ తెలియదు. మందు లేని వర్గంలో 60 మందికి, మందు వాడిన వర్గంలో 38 మందికి హెచ్‌ఐవి సోకింది. అంటే 39 శాతం తగ్గుదల. జెల్‌ను క్రమం తప్పకుండా వాడినవారిలో అది 54 శాతం. 2010 జూలైలో వియన్నా ఎయిడ్స్ మహాసభలో ఈ ఫలితం ప్రకటించినప్పుడు సభికులు లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. ఏఆర్‌టీ మందును ఆరోగ్యంగా ఉన్నవారు ముందుగా వాడితే లైంగిక సంక్రమణను నివారించవచ్చని మనుషుల్లో నిరూపించిన తొలి ఫలితం అది. అదే ఏడాది నవంబరులో మాత్రల రూపంలోని నివారణ, పురుషులతో లైంగిక సంబంధం ఉన్న పురుషులు, ట్రాన్స్‌జెండర్ స్త్రీలలో 44 శాతం రక్షణ ఇచ్చిందని మరో అధ్యయనం తెలిపింది.

ఈ సంఖ్యల్లో చప్పట్లకు అందని ఒకటి ఉంది. మందు లేని జెల్ వాడిన స్త్రీలకు కూడా ప్రతి నెలా సలహాలు, కండోమ్‌లు, ఇతర లైంగిక వ్యాధులకు చికిత్స అన్నీ అందాయి. అయినా ఏడాదికి ప్రతి వంద మందిలో తొమ్మిది మందికి పైగా కొత్తగా హెచ్‌ఐవి సోకింది. విద్యార్థులారా, ఈ అధ్యయనం నుంచి మీరు ఒక్క సంఖ్యనే గుర్తుంచుకోవాలనుకుంటే 39 కంటే ఈ తొమ్మిదినే గుర్తుంచుకోండని నేను అంటాను. అప్పటివరకు మనం ఇస్తున్న సలహాలన్నీ ఒక పల్లెటూరి యువతి దగ్గరికి వచ్చేసరికి ఎంత నిస్సహాయంగా ఉన్నాయో అది చెబుతుంది.

గణాంకపరంగా 39 శాతం అన్న అంచనా చుట్టూ 6 నుంచి 60 శాతం వరకు అనిశ్చితి ఉండేది. అందుకే మళ్లీ పరీక్షించాల్సి వచ్చింది. ఐదు వేల మందికి పైగా స్త్రీలతో జరిగిన వాయిస్ అధ్యయనమూ, దక్షిణాఫ్రికాలో రెండు వేల మందికి పైగా స్త్రీలతో జరిగిన ఫ్యాక్ట్స్ 001 అధ్యయనమూ జెల్ వల్ల మొత్తం మీద ప్రయోజనం లేదని తేల్చాయి. 2015 నాటికి ఆ జెల్ కథ ముగిసింది. కారణాలు మాత్రం పరిశోధకులకు చాలా నేర్పాయి. ఫ్యాక్ట్స్‌లో పాల్గొన్నవారిలో ఎక్కువమంది పెళ్లికాని యువతులు. తల్లిదండ్రులతోనో, తోబుట్టువులతోనో ఒకే కప్పు కింద ఉండేవారు. జెల్ గొట్టాన్ని దాచుకోవడానికి చోటు లేని ఇంట్లో, ఎప్పుడు జరుగుతుందో తెలియని కలయికకు ముందూ వెనకా దాన్ని వాడమనడం అయ్యే పని కాదు. రెండో కారణం జీవశాస్త్రానికి సంబంధించినది. కాప్రిసా 004లో సేకరించి భద్రపరిచిన నమూనాలను తిరిగి పరిశీలించి 2017లో ప్రచురించిన పరిశోధన ప్రకారం, యోనిలో లాక్టోబాసిల్లస్ సూక్ష్మజీవులు ఎక్కువగా ఉన్నవారిలో జెల్ 61 శాతం రక్షణ ఇచ్చింది. అవి తక్కువగా ఉన్నవారిలో 18 శాతమే. గార్డ్‌నెరెల్లా అనే సూక్ష్మజీవి టెనోఫోవిర్‌ను కణాల్లోకి చేరకముందే విచ్ఛిన్నం చేస్తుందని తేలింది. మందు విఫలమైనా, పరీక్షలో పాల్గొన్నవారి నమూనాలను జాగ్రత్తగా దాచి ఉంచడం వల్లనే ఈ కొత్త జ్ఞానం దక్కింది.

అమ్మాయిలకు వైరస్ ఎవరి నుంచి వస్తోందన్న 1992 నాటి ప్రశ్నకు కూడా సమాధానం వులిండ్లేలా, దాని పక్కనున్న గ్రేటర్ ఎడెన్‌డేల్ ప్రాంతాల్లోనే దొరికింది. టులియో డి ఒలివేరా నాయకత్వంలోని బృందం 1,589 మంది రక్తంలోని వైరస్ జన్యుక్రమాలను పోల్చి, ఏ వైరస్ ఏ వైరస్‌కు దగ్గరి బంధువో గుర్తించి, 2017లో ఫలితాలు ప్రచురించింది. పాతికేళ్ల లోపు స్త్రీల వైరస్‌కు దగ్గరి బంధువైన వైరస్ ఉన్న పురుషుల్లో 61.7 శాతం మంది 25 నుంచి 40 ఏళ్ల వారు. సగటున ఆ స్త్రీల కంటే 8.7 ఏళ్లు పెద్ద. పాతిక దాటిన స్త్రీల విషయంలో ఆ వయసు తేడా 1.1 ఏళ్లకు తగ్గిపోయింది. అంటే ముప్పై ఏళ్ల పురుషుడికి వైరస్ తన ఈడు స్త్రీ నుంచి వస్తుంది, అతని నుంచి టీనేజి అమ్మాయికి చేరుతుంది, ఆ అమ్మాయి పెరిగి పాతిక దాటాక ఆమె ఈడు పురుషుడికి చేరుతుంది. ఈ చక్రాన్ని ఎక్కడ తెంచాలో అప్పుడు స్పష్టమైంది: అమ్మాయిలకు నివారణ మందు, ముప్పైల్లోని పురుషులకు పరీక్ష, చికిత్స. నా దృష్టిలో ఈ విశ్వవిద్యాలయం నుంచి వచ్చిన పనుల్లో అత్యంత సునిశితమైనది ఇదే. ఎవరినీ వేలెత్తి చూపకుండా, ఏ వ్యక్తి పేరూ బయటపెట్టకుండా, ఒక సమాజంలో వ్యాధి నడిచే బాటను అది గీసి చూపింది.

ఆ జన్యుక్రమ విజ్ఞానమే కోవిడ్ కాలంలో అక్కరకు వచ్చింది. డి ఒలివేరా డర్బన్‌లో నడిపిన క్రిస్ప్ ప్రయోగశాల, దేశంలోని ఇతర ప్రయోగశాలలతో కలిసి, 2020 డిసెంబరులో బీటా వేరియంట్‌ను గుర్తించింది. 2021 నవంబరులో ఒమిక్రాన్‌ను బోట్స్‌వానా, దక్షిణాఫ్రికా శాస్త్రవేత్తలు గుర్తించి వెంటనే ప్రపంచానికి చెప్పారు. బదులుగా సంపన్న దేశాలు రోజుల వ్యవధిలో వారి మీద ప్రయాణ నిషేధాలు విధించాయి. నిజం త్వరగా చెప్పినందుకు శిక్ష పడితే తరువాతి సారి ఎవరు ముందుకు వస్తారన్న ప్రశ్న ఇప్పటికీ అలాగే ఉంది.

జెల్ దగ్గర ఆగిన కథ సూది మందుతో కొనసాగింది. లెనకాపవిర్ అనే మందును ఆరు నెలలకు ఒకసారి చర్మం కింద ఇస్తే చాలు. ఇంట్లో దాచుకోవలసింది ఏమీ లేదు, ఎవరి అనుమతీ అక్కరలేదు. గిలియడ్ అనే మందుల కంపెనీ దక్షిణాఫ్రికాలోనూ, ఉగాండాలోనూ 16 నుంచి 25 ఏళ్ల యువతులతో జరిపిన పర్పస్ 1 పరీక్షకు కేప్‌టౌన్ విశ్వవిద్యాలయ ఆచార్యురాలు లిండా-గెయిల్ బెకర్ నాయకత్వం వహించారు. 2024లో వెలువడిన ఫలితాల ప్రకారం, ఆ సూది మందు తీసుకున్న 2,134 మందిలో ఒక్కరికీ హెచ్‌ఐవి సోకలేదు. అదే ఏడాది అబ్దుల్ కరీం దంపతులకు ప్రతిష్ఠాత్మకమైన లాస్కర్ పురస్కారం లభించింది.

అమెరికాలో ఈ మందు ఏడాదికి 28 వేల డాలర్లు దాటుతుంది. ఇక్కడే మన హైదరాబాద్ రంగంలోకి వస్తుంది. 120 దేశాల కోసం జెనరిక్ లెనకాపవిర్ తయారుచేసే లైసెన్సు పొందిన ఆరు కంపెనీల్లో డాక్టర్ రెడ్డీస్, హెటిరో ఉన్నాయి. 2027 నుంచి ఏడాదికి 40 డాలర్ల ధరకు అందించే ఒప్పందాలు 2025 సెప్టెంబరులో ప్రకటించారు. ఆ మందు అమ్మాయిల చేతికి చేరడానికి మాత్రం ధర ఒక్కటే చాలదు. ఆరు నెలలకోసారి పరీక్ష చేసే నర్సు, తలుపు తెరిచి ఉండే క్లినిక్ కావాలి. 2025 ఆరంభంలో అమెరికా తన విదేశీ సాయాన్ని నిలిపివేసినప్పుడు వులిండ్లేలాలో యువతుల మీద జరుగుతున్న యోనిలో ఉంచుకునే ఒక నివారణ రింగు పరీక్ష మధ్యలోనే ఆగిపోయింది. నిధులు ఆగినా, పని ఆపమన్న ఆదేశం ఉన్నా, అక్కడి పరిశోధకులు ఆ యువతులను క్లినిక్‌కు పిలిపించి రింగులను సురక్షితంగా తీశారు. ఆ ప్రాంతపు క్లినిక్‌లకు ఇకమీదట జీతాలు ఎవరిస్తారు, హైదరాబాద్‌లో తయారయ్యే సూది మందు అక్కడ ఎవరి చేతుల మీదుగా వేయబడుతుంది అన్న లెక్కలు ఇంకా తేలవలసే ఉన్నాయి. ఈ విషయంలో ఫార్మసీ విద్యార్థుల ప్రశ్నలు వినాలని నాకు ఎంతో ఆసక్తిగా ఉంది, అడగండి.